"ఆయుధం" అనే మాట దగ్గరే ప్రశ్న ఆగిపోతోంది: రాష్ట్ర సలహా బృందం ముందు ఏం చెప్పాలి?

ప్రశ్న: కాంటన్ ఇంటర్‌ప్రెటర్

అందరికీ నమస్కారం. నేను మిషిగన్ రాష్ట్రంలో ఉంటూ 12 ఏళ్లుగా ఫోన్ ద్వారా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రుల వారు, కోర్టుల వారు, పోలీసులు పిలిచినప్పుడు వారి ఇంగ్లీషును తెలుగులోను, మనవారి తెలుగును ఇంగ్లీషులోను చెప్పడం నా పని. తుపాకీ హింస, పిల్లల భద్రత, గృహ హింస అనే మూడు విషయాలను కలిపి పరిశీలించి ప్రభుత్వానికి సూచనలిచ్చే ఒక రాష్ట్రస్థాయి సలహా బృందం, వచ్చే నెల సమావేశానికి వేర్వేరు భాషలవారిని పిలిచి వారి అనుభవం వినాలనుకుంది. తెలుగువారి తరఫున నన్ను రమ్మన్నారు. మాట్లాడడానికి 3 నిమిషాలు ఇస్తారు, దానితో పాటు రెండు పేజీలు రాసి ఇవ్వవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒక రాత్రి జరిగిన సంగతి నుంచి పుట్టింది. మనుషులు గుర్తు తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. ఒక పోలీసు అధికారి నన్ను ఫోన్‌లో కలిపి, చేతిలోని కాగితం చూస్తూ ఎదురుగా ఉన్న తెలుగావిడను ప్రశ్నలు అడుగుతున్నారు. ఆయన మీ మీద ఎప్పుడైనా వెపన్ వాడారా, వెపన్‌తో బెదిరించారా అన్నది మొదటి ప్రశ్న. నేను నిఘంటువు ప్రకారమే "ఆయుధం ప్రయోగించారా, ఆయుధంతో బెదిరించారా" అని అడిగాను. "అయ్యో, అలాంటిదేం లేదండీ" అన్నారు ఆవిడ. మిమ్మల్ని గానీ పిల్లలను గానీ చంపుతానని బెదిరించారా అన్నది రెండో ప్రశ్న. "కోపం వస్తే చంపేస్తానంటారు, అందరి ఇళ్లలోనూ అనేదే కదండీ" అన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఆ అధికారి రెండింటికీ "లేదు" అనే గడిలో గుర్తు పెట్టినట్టున్నారు. మరో పది నిమిషాలకు ఇంకేదో ప్రశ్నకు జవాబు చెబుతూ, డబ్బుల సంగతి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఆయన గన్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటారని, అప్పుడు పెద్దబ్బాయి కంచం తీసుకుని పై గదికి వెళ్లిపోతాడని, వంటింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆయుధం అంటే మన చెవికి కత్తి, గద, బ్రహ్మాస్త్రం స్ఫురిస్తాయి గానీ బట్టల అలమరలో దాచిన పిస్టల్ స్ఫురించదు. "ప్రయోగించడం" అంటే పేల్చడమే అనుకున్నారు. ఇంటర్‌ప్రెటర్‌గా నాకు సొంతంగా ప్రశ్న కలిపే అధికారం లేదు. ఎక్కువలో ఎక్కువ, ఈ మాట స్పష్టంగా అందలేదేమోనని అధికారికి చెప్పి, ప్రశ్నను మరోలా అడగమని కోరవచ్చు. ఆ రాత్రి నాకు ఆ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఇప్పటికీ నన్ను బాధిస్తోంది.

ఇలాంటి సలహా బృందాల మాటకు అసలు విలువ ఎంత? ఈ మూడు విషయాలను ఒకే చోట ఎందుకు చేర్చారు? ప్రశ్నల కాగితంలోని మాటలు మార్చమని అడగడం నా స్థాయికి తగిన కోరికేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఓక్లండ్ కౌంటీ లాయరు

ముందుగా ఒక హెచ్చరిక. మీరు వివరాలు మార్చే రాశారని నమ్ముతున్నాను, అయినా సమావేశంలో ఆ కంచం సంగతి చెప్పకండి. మన సమాజం చిన్నది. పేరు లేకపోయినా ఎవరి ఇల్లో ఊహించే వారుంటారు. గోప్యత పాటిస్తామని మీరు ఇచ్చిన మాట ఆ సభలోనూ మిమ్మల్ని కట్టి ఉంచుతుంది. చాలా పిలుపులలో గమనించిన పోకడగా చెప్పండి చాలు.

ఇక మీ మొదటి ప్రశ్న. సలహా బృందానికి చట్టం చేసే అధికారం ఉండదు. అయితే డబ్బు ఏ పనికి వెళ్లాలి, ఏ ఫారంలో ఏ ప్రశ్న ఉండాలి, ఏ శాఖ సిబ్బందికి ఏ శిక్షణ ఇవ్వాలి అన్నవి చట్టసభ దాకా వెళ్లకుండానే మారగల విషయాలు, అక్కడే ఇటువంటి బృందాల మాట చెల్లుతుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, బైపార్టిసాన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్, ప్రమాదాన్ని ముందుగా పసిగట్టి అడ్డుకునే కార్యక్రమాల కోసం రాష్ట్రాలకు 75 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు తీసుకునే రాష్ట్రం ఒక సలహా మండలిని పెట్టుకుని తీరాలి. అందులో పోలీసులు, కోర్టులు, ప్రాసిక్యూటర్లు, మానసిక ఆరోగ్య సేవలవారు, బాధితులకు సాయపడేవారు, న్యాయవాదులతో పాటు సమాజం తరఫున కూడా మనుషులు ఉండాలి. మన రాష్ట్రంలో గృహ హింస నివారణకు 1978 నుంచే ప్రత్యేక బోర్డు ఉంది. 2024 జూన్‌లో గవర్నర్ గ్రెచెన్ విట్మర్ ఉత్తర్వుతో తుపాకీ హింస నివారణకు ఒక టాస్క్‌ఫోర్స్ కూడా ఏర్పడింది. అంటే వినే గదులు ఉన్నాయి. ఆ గదుల్లో తెలుగు వినపడలేదు, అంతే.

మూడింటినీ ఎందుకు కలిపారన్న ప్రశ్నకు మీరు చెప్పిన ఆ టేబులే జవాబు. అదే తుపాకీ భార్యకు బెదిరింపు, పిల్లవాడి చేతికి అందే వస్తువు, మనసు కుంగిన రాత్రి ఆ భర్తకే ముప్పు. వేధించే భాగస్వామికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు 5 రెట్లు పెరుగుతుందని జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆ అధికారి చేతిలో ఉన్నటువంటి ప్రశ్నల కాగితాలకు మూలం కూడా ఆమె పరిశోధనే. మేరీలాండ్‌లో 2005లో మొదలైన పద్ధతిలో 11 ప్రశ్నలుంటాయి. వాటిలో మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా, అధికారి అక్కడికక్కడే గృహ హింస సేవల హాట్‌లైన్‌కు ఫోన్ కలపాలి. ఆ మూడింటిలో రెండు మీరు రాసినవే. కాబట్టి "ఆయుధం" అన్న అనువాదం కేవలం భాషా దోషం కాదు, ఆ ఫోన్ మోగకుండా ఆపేసే దోషం. దీన్ని మార్చమని అడగడం మీ స్థాయికి తగినదే, నిజానికి ఆ బల్ల చుట్టూ కూర్చునే మరెవరూ దీన్ని అడగలేరు.

చట్టం గురించి కొంత తెలుసుకుని వెళ్లండి. భర్త నుంచి గానీ, సహజీవనం చేసినవారి నుంచి గానీ రక్షణ కోరుతూ సర్క్యూట్ కోర్టు కుటుంబ విభాగంలో తెచ్చుకునే ఉత్తర్వును ఇక్కడ పీపీఓ (పర్సనల్ ప్రొటెక్షన్ ఆర్డర్) అంటారు. దీనికి దాఖలు రుసుము లేదు. అత్యవసరమైతే అవతలి పక్షాన్ని పిలవకుండానే జడ్జి ఇవ్వవచ్చు, అలా ఇచ్చినది కనీసం 182 రోజులు ఉంటుంది. తుపాకీ కొనకూడదు, ఉంచుకోకూడదు అన్న షరతు ఇందులో పెట్టించుకోవచ్చు, అయితే అది అడగాలి, కారణం చూపాలి. కేంద్ర చట్టం 1994 నుంచి, రక్షణ ఉత్తర్వు ఉన్న వ్యక్తి తుపాకీ ఉంచుకోవడాన్ని నిషేధిస్తోంది. అయితే ఆ నిషేధం వర్తించాలంటే అతనికి నోటీసు అంది, వాదన వినిపించుకునే విచారణ జరిగి ఉండాలి. అంటే అత్యవసరంగా ఏకపక్షంగా వచ్చిన తొలి ఉత్తర్వు ఉన్న రోజుల్లో, అన్నిటికంటే ప్రమాదకరమైన ఆ రోజుల్లోనే, కేంద్ర చట్టం సాయానికి రాదు. రాష్ట్ర ఉత్తర్వులో ఆ ఒక్క షరతు ఉందా లేదా అన్నదే మిగులుతుంది. ఆ 1994 నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 2024 జూన్ 21న రహీమీ కేసులో 8-1 తీర్పుతో తోసిపుచ్చింది కనుక, ఆ పునాది ప్రస్తుతం గట్టిగా ఉంది.

రెండో సాధనం 2024 ఫిబ్రవరి 13 నుంచి అమల్లో ఉన్న ఎర్పో, అంటే తనకో ఇతరులకో ముప్పు తెచ్చేలా ఉన్న వ్యక్తి నుంచి తుపాకులు దూరం చేసే కోర్టు ఉత్తర్వు, వాడుకలో రెడ్ ఫ్లాగ్ చట్టం. ఇలాంటి చట్టం దేశంలో మొట్టమొదట 1999లో కనెక్టికట్ చేసింది. మిషిగన్‌లో భార్య, భర్త, మాజీ భార్యాభర్తలు, ఇంటివారు, పోలీసులు, వైద్య సిబ్బంది కూడా కోర్టును కోరవచ్చు. జడ్జి ఒప్పుకుంటే ఏడాది పాటు తుపాకులు దూరమవుతాయి, 24 గంటల్లోగా లేదా వెంటనే అప్పగించాలని ఆదేశించవచ్చు. కోరేవారు తుపాకులు ఎన్ని, ఎలాంటివి, ఎక్కడ ఉన్నాయి అన్నది తమకు తెలిసినంత మేరకు రాయాలి. ఇంగ్లీషులో మాడల్ నంబరు చెప్పలేని మనావిడ "పై అరలో, చలికోట్ల వెనక, నల్ల డబ్బాలో" అని తెలుగులో కచ్చితంగా చెప్పగలరు. ఆ వాక్యం కాగితం మీదికి ఎక్కితేనే ఉత్తర్వుకు కాళ్లొస్తాయి.

ఇంకొకటి. భార్యాభర్తల మధ్య హింసకు మిస్‌డిమీనర్ (చిన్న తరహా నేరం) కింద శిక్ష పడినవారు తుపాకీ ఉంచుకోకూడదని 1996 నుంచే కేంద్ర చట్టం చెబుతోంది. 2022 చట్టం దీన్ని ప్రేమ సంబంధాలకు కూడా, చాలా కేసుల్లో 5 ఏళ్ల పరిమితితో, విస్తరించింది. మన రాష్ట్రం తన సొంత చట్టంలో పెట్టిన 8 ఏళ్ల నిషేధం 2024లో అమల్లోకి వచ్చింది. కేంద్రంలో ఉన్నప్పుడు రాష్ట్రంలో ఎందుకని అడుగుతారు. ఊరి పోలీసు, కౌంటీ ప్రాసిక్యూటరు అమలు చేసేది రాష్ట్ర చట్టాన్ని. అందుకు.

నా అభిప్రాయం అడిగితే, కొత్త చట్టం కావాలని అడగవద్దు. ఉత్తర్వు వచ్చిన ఇంటి నుంచి తుపాకీ నిజంగా బయటికి వచ్చిందా, ఎవరు వెళ్లి తెచ్చారు, ఎన్ని గంటల్లో తెచ్చారు అన్న లెక్క రాసి పెట్టమని ఆ బృందాన్ని అడగండి.

జవాబు: పిల్లల వార్డు నర్సు

లాయరు గారు చెప్పినదానిలో పిల్లల సంగతి తక్కువగా వచ్చింది కనుక అది నేను రాస్తాను. ఈ దేశంలో 1 నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాలకు అతి పెద్ద కారణంగా 2020లో తుపాకీ రోడ్డు ప్రమాదాలను దాటింది. 2021లో దేశం మొత్తం మీద తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే అందులో 26,328 మరణాలు ఆత్మహత్యలు. మన తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు తుపాకీ అంటే బడిలో ఎవరో వచ్చి కాల్చడమే గుర్తుకొస్తుంది. ఆ భయం అర్థం లేనిది కాదు, ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు మన పక్క ఊరే. 2021 నవంబరు 30న అక్కడ నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ తుపాకీ నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నది. ఆ ఉదయం బడివారు తల్లిదండ్రులను పిలిచి కొడుకు గీసిన బొమ్మ చూపించినా, వారు అతన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. 2024లో వారిద్దరికీ వేర్వేరు విచారణల్లో నేరం రుజువై, చెరి 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది.

2024 ఫిబ్రవరి 13 తర్వాత మన రాష్ట్రంలో 18 ఏళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, లేదా పిల్లలు వచ్చే అవకాశం ఉందని తెలిసిన చోట, తుపాకీని గుళ్లు తీసి తాళం వేసి గానీ, తాళం ఉన్న పెట్టెలో గానీ ఉంచాలి. "వచ్చే అవకాశం" అన్న మాటను గట్టిగా చెప్పండి. శనివారం పూట నాలుగు కుటుంబాలు కలిసి భోంచేసే మన ఇళ్లన్నీ దాని కిందికే వస్తాయి. అలా వదిలేసిన తుపాకీ పిల్లవాడి చేతికి చిక్కి ప్రాణం పోతే 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. నేను ఇళ్లలో తుపాకీ గురించి అడిగేటప్పుడు చాలామంది తండ్రులు "కోడ్ ఉన్న లాకర్‌లో ఉంది, మావాడికి తెలియదు" అంటారు. ఒకసారి ఆ మాట అంటుండగానే మంచం మీది ఏడేళ్ల పిల్లవాడు "నా పుట్టినరోజే కదా నాన్నా కోడ్" అన్నాడు. ఆ తండ్రి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కోప్పడలేదు, నేల చూశాడు.

తుపాకీకి బిగించే కేబుల్ తాళాలు చాలా పోలీసు స్టేషన్లలోను, ఆరోగ్య శాఖ కార్యాలయాల్లోను ఉచితంగా ఇస్తున్నారు. ఆ తాళంతో ఇచ్చే కాగితం తెలుగులో ఉంటే బాగుంటుందని మీ రెండు పేజీల్లో ఒక వాక్యం చేర్చండి.

మరొక్క విన్నపం. పిల్లలచేత అనువాదం చేయించవద్దని ఆ సభలో చెప్పండి. పదేళ్ల పిల్లను మధ్యలో నిలబెట్టి "నాన్న అమ్మను ఏమన్నాడో చెప్పు" అని అడిగిన సందర్భం నేను చూశాను. ఆ పిల్ల ఎవరినీ నొప్పించకుండా జవాబు చెప్పడానికి పడిన పాట్లు చూస్తే, ఆ జవాబు మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఎవరికైనా తెలుస్తుంది.

జవాబు: నవంబరు 15 వేటగాడు

నేను అమెరికా పౌరుణ్ణి. నా దగ్గర రెండు రైఫిళ్లు ఉన్నాయి. ఏటా నవంబరు 15న జింకల వేట మొదలవగానే ఉత్తరానికి వెళ్తాను. తుపాకీ ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టే సమావేశంగా ఇది మారకూడదన్నది నా మొదటి కోరిక. ఎర్పో గురించి మా స్నేహితులు భయపడతారు. అయితే చట్టం చదివిన మీదట, అవతలి వ్యక్తికి విచారణ కోరే హక్కు ఉందని, తెలిసి అబద్ధం చెప్పి ఉత్తర్వు కోరడం నేరమని తెలిశాక, నా అభ్యంతరం చాలావరకు తగ్గింది. ఈ రెండు అంశాలూ తెలుగులో వివరించి చెబితే మగవాళ్లలో కూడా మీకు మద్దతు వస్తుంది.

మనవాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. హెచ్-1బీ (ఉద్యోగి), హెచ్-4 (ఆ ఉద్యోగి భార్య లేదా భర్త) వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ గుళ్లు గానీ ఉంచుకోవడాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది, అంతకు మించి పెద్దగా వెసులుబాటు లేదు. గ్రీన్ కార్డు వారికి ఈ నిషేధం వర్తించదు. దీనివల్ల వచ్చే చిక్కు చూడండి. ఒకడు కుంగుబాటులో ఉన్నాడు, లేదా భార్యాభర్తల మధ్య పరిస్థితి చెడింది. మంచి మనసుతో స్నేహితుడు "కొన్నాళ్లు నా దగ్గర పెట్టుకుంటాను, ఇచ్చెయ్" అంటాడు. ఆ స్నేహితుడు హెచ్-1బీ మీద ఉంటే అతనే నేరం చేసినవాడవుతాడు. పైగా 2024 నుంచి మన రాష్ట్రంలో పిస్టళ్లతో పాటు పొడవు తుపాకులు చేతులు మారడానికీ లైసెన్సు పద్ధతి వచ్చింది. కాబట్టి ముందు పోలీసులకు ఫోన్ చేసి ఎక్కడ అప్పగించవచ్చో అడగడం మంచిది. ఎవరూ కేసు పెట్టకుండా, స్వచ్ఛందంగా తుపాకీ కొన్నాళ్లు అప్పగించగల చోట్ల జాబితాను కౌంటీల వారీగా ప్రకటించమని ఆ బృందాన్ని అడగండి. నాలాంటివాడు మొదట వాడుకునేది అదే.

జవాబు: హెల్ప్‌లైన్ వలంటీరు

దక్షిణాసియా స్త్రీలకు సాయపడే ఒక సంస్థలో నేను వారానికి రెండు రాత్రులు ఫోన్ తీస్తాను. ఈ పని కొత్తది కాదు. న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్క్‌లో సఖి 1989లో మొదలయ్యాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా మనావిడ ఫోన్ చేసి "గృహ హింస" అన్న మాట అనరు. "మా ఇంట్లో కొంచెం గొడవలండీ" అంటారు. ఆ "కొంచెం" వెనక ఏముందో అడగాలంటే ఓపిక కావాలి.

చంపేస్తాననే మాట గురించి ఇంటర్‌ప్రెటర్ గారు రాసినది అక్షరాలా నిజం. అన్నం తినకపోతే పిల్లవాణ్ణి చంపేస్తానంటాం, ఆలస్యంగా వచ్చిన స్నేహితురాలిని చంపేస్తానంటాం. అందువల్ల ఆ మాట అన్నారా లేదా అని అడిగితే ప్రయోజనం లేదు. అన్నప్పుడు మీకు నిజంగా ప్రాణభయం వేసిందా, అప్పుడు ఆయన చేతిలో గానీ పక్కన గానీ ఏముంది, పిల్లలు ఎక్కడున్నారు అని అడగాలి. నా అనుభవంలో ఈ మూడో ప్రశ్నకు గొంతు మారుతుంది.

జవాబు చెప్పకపోవడానికి మరో కారణం వీసా. పోలీసులు వస్తే ఆయన ఉద్యోగం పోతుంది, ఆయన వీసా పోతే నాదీ పోతుంది, పిల్లలను ప్రభుత్వం తీసుకుపోతుంది అని వరుసగా అనుకుంటారు. ఈ భయంలో కొంత నిజం ఉంది గనుక కొట్టిపారేయకండి. అయితే దారులూ ఉన్నాయి. పౌరుడు లేదా గ్రీన్ కార్డు ఉన్న భర్త హింసించినప్పుడు భార్య సొంతంగా దరఖాస్తు చేసుకునే అవకాశం స్త్రీలపై హింసను అరికట్టడానికి చేసిన 1994 నాటి వావా చట్టంతో వచ్చింది. హింసకు గురైన హెచ్-4 భార్య పని అనుమతి కోరడానికి ఐ-765వీ అనే ఫారం ఉంది. నేరానికి గురై పోలీసులకు సహకరించేవారి కోసం 2000లో వచ్చిన యూ వీసా ఉంది, కానీ ఏడాదికి 10,000 మాత్రమే కనుక నిరీక్షణ చాలా ఎక్కువ. వీటిలో ఏది ఎవరికి తగినదో ఇమ్మిగ్రేషన్ లాయరే చెప్పాలి, వాట్సాప్ గ్రూపులో అడగవద్దు.

విడిచి వెళ్లే సమయం, వెళ్లిన తర్వాతి రోజులు చాలా ప్రమాదకరమైనవని మాకు శిక్షణలో మొదటి రోజే చెబుతారు. అందుకని పీపీఓ కాగితం వేయడానికి ముందే తుపాకీ సంగతి అడగాలి. వేశాక అడిగితే ఆలస్యమైనట్టే. జాతీయ గృహ హింస హాట్‌లైన్ 1-800-799-7233 ఇంటర్‌ప్రెటర్ సాయంతో తెలుగులో కూడా మాట్లాడుతుంది. ఆ సంగతి ఆ బృందానికి కాదు, ఇది చదువుతున్నవారికి రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారి స్పందన: కాంటన్ ఇంటర్‌ప్రెటర్

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. లాయరు గారి సలహా ప్రకారం ఆ ఒక్క ఇంటి సంగతి సభలో చెప్పను. వేటగాడు గారు చెప్పిన అప్పగింత చోట్ల జాబితా, నర్సు గారి తాళం కాగితం రెండు పేజీల్లో చేరుస్తున్నాను. 3 నిమిషాలను మాత్రం మాటల మార్పుకే వాడతాను. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను:

"మీ ఇంట్లో గానీ, కారులో గానీ గన్ ఉందా? పిస్టల్, రైఫిల్, ఏదైనా సరే. అది ఎక్కడ ఉంటుందో మీకు తెలుసా? పిల్లలకు తెలుసా? ఆయన దాన్ని బయటికి తీసి గానీ, ఎదురుగా పెట్టి గానీ, కనీసం దాని పేరెత్తి గానీ మిమ్మల్ని ఎప్పుడైనా భయపెట్టారా?"

"తుపాకీ" అని రాయాలా, "గన్" అని రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. ఆ ఇంట్లో రోజూ వినిపించే మాట గన్నే కనుక అదే ఉంచాను. ఇంకా ఒక సందేహం మిగిలింది. భర్త పక్క గదిలోనే ఉండి, ఫోన్ స్పీకర్‌లో ఉంటే ఈ ప్రశ్నలే ఆవిడకు ముప్పు తెస్తాయి కదా?

జవాబు: హెల్ప్‌లైన్ వలంటీరు

తెస్తాయి. అందుకే తెలుగు ప్రశ్నలకు ముందు, అధికారి తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలు రెండు అదే కాగితం పైభాగంలో ఉండాలని అడగండి: ఈ గదిలో ఇంకెవరున్నారు, ఫోన్ స్పీకర్‌లో ఉందా? భర్తకు ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగూ వచ్చు. ఏ భాషలో అడిగినా ఆయనకు అర్థమవుతుంది. ఆవిడను కారు దగ్గరికో, ఆసుపత్రిలో అయితే ఎక్స్‌రే గదికో తీసుకెళ్లి, ఫోన్ ఆవిడ చెవికే ఆనించి అడగాలి. విడిగా అడిగే వీలు లేనప్పుడు ఈ ప్రశ్నలు ఆ పూటకు అడగకూడదు, అడగలేదని రాసి మరుసటి రోజు మళ్లీ ప్రయత్నించాలి. "లేదు" అనే గడిలో గుర్తు పెట్టకూడదు. ఇప్పుడున్న కాగితాల్లో నేను చూసినవాటిలో "అడగలేదు" అన్న గడే లేదు. అది చేర్చమనడానికి మీ 3 నిమిషాల్లో అర నిమిషం చాలు.

సమావేశం అయ్యాక వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి. ఆ తెలుగు ప్రశ్నలను మా వలంటీర్లతో ఈ వారమే చదివించి చూస్తాను, ఎక్కడ నోరు తడబడిందో మీకు చెబుతాను.